ఉగ్గుగిన్నెలో తల్లిపాలు

వికారాబాదు నుండి తాండూరుకు రైలులో నిత్యము వచ్చిపోవు ఉద్యోగినులు మన ప్రాంతములో అనేకులు కలరు. దూరము సుమారు 40 కిలోమీటర్లే. కాని ఇల్లు వదలి ఇల్లు చేరుసరికి రోజు గడచిపోవును. అట్టివారిలో మా సహోద్యోగిని ఒకరు ప్రసూతి సెలవు ముగించుకొని వచ్చిన క్రొత్తలో, మధ్యాహ్నపు వేళ పాలు చేపుకు వచ్చి, స్నానాల గదిలోనికి పోయి పిండి పారబోసి వచ్చుచున్నారని మా ఇంటివారి వలన తెలిసినది. అదే వేళకు ఆమె ఏడు నెలల బిడ్డ ఇంటివద్ద డబ్బాపాలు త్రాగుచున్నాడు. 'నేలపాలు' అను మాటకు ఇంతటి అక్షరార్థము కలదని భాష బోధించు మాకును అంతవరకు తోచలేదు.

ఆ పాలను శుభ్రమైన పాత్రలో పట్టి ఇంటికి కొనిపోరాదా? ఆమె అడిగియే చూచినారట. "బాసీ దూద్ బచ్చే కో దేతే క్యా?" అని అత్తగారు కోపగించినారట. రొమ్ము విడిచిన పాలు తల్లిపాలు కావని ఆ పెద్దమ్మ నమ్మకము.

ఈ నమ్మకమునకు శాస్త్రము కంటె ముందు మన ధర్మశాస్త్రమే సమాధానము చెప్పుచున్నది. బిడ్డ రొమ్ము నుండి త్రాగినను, పాత్రతో నోట పోసినను పాలబంధుత్వము ఏర్పడునని అధికసంఖ్యాకులైన ఫిఖహు పండితుల అభిప్రాయము. పాత్ర మారినంత మాత్రమున పాల స్వభావము మారదనియే కదా దీని భావము! ఈ కారణముననే 1985లో జిద్దాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖహు అకాడమీ, పలువురు తల్లుల పాలను కలిపి ఉంచు పాలనిధులను సమ్మతించలేదు. కన్నతల్లి తన పాలను తన బిడ్డకే పంపుటలో అట్టి చిక్కు ఏమియు లేదు. అల్ బఖర సూరా 233వ ఆయతులో పాలిచ్చు గడువు రెండేండ్లని చెప్పిన చోటనే, తల్లి అన్నవస్త్రముల భారము తండ్రిపై మోపబడినది. పాలు కేవలము ఆడవారి వ్యవహారమని తప్పించుకొను మగవారు ఆ భాగమును మరల చదువుకొనుట మంచిది.

ఇక 'బాసీ' మాట. పిండిన పాలు 25 డిగ్రీలకు మించని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలువ ఉండును. మే నెలలో తాండూరు ఎండను 25 డిగ్రీలని ఎవరును అనరు కనుక, మంచుపలకలు పెట్టిన సంచి తప్పదు. అందులో ఒక దినము నిలుచును. పైన మీగడ తేలిన పాలు విరిగినవని పారబోయరాదు. మెల్లగా కదిపిన కలిసిపోవును. పొయ్యిపై కాచక, గిన్నెను వేడినీటిలో ఉంచవలెను. బిడ్డ త్రాగగా మిగిలిన దానిని రెండు గంటలకు మించి దాచరాదు.

సీసా విషయములో మాత్రము అత్తగారి అనుమానము కొంత న్యాయమే. రబ్బరు పీకకు అలవడిన పిల్లలు కొందరు రొమ్ము పట్టుటకు మారాము చేయుదురు. పీక సందులలో మురికి నిలుచును. 1992 నాటి చట్టము పాలడబ్బాలతోపాటు పాలసీసాల ప్రకటనలను కూడ నిషేధించినది. మన ముంగిట ఉగ్గుగిన్నె ఉండనే ఉన్నది! వైద్యులు నేడు సీసాకు బదులు చిన్న గిన్నెయే మేలనుచున్నారు. మొదట బిడ్డ ఒప్పుకొనడు. తల్లి వాసన తగిలినచో అసలే ఒప్పుకొనడు. కనుక సెలవు ముగియుటకు కొన్నినాళ్ల ముందే, తల్లి ప్రక్క గదిలో నుండగా, నానమ్మయో తండ్రియో ఓపికతో అలవాటు చేయవలెను.

నాపరాళ్ల పాలిషింగులో కూలికి పోవు తల్లికి మంచుసంచి ఎక్కడిది? ఆమె సంగతి వేరుగా వ్రాయవలసినంత పెద్దది. చదువుకున్నవారి సంస్థలకైనను ఈ తలంపు కలుగలేదే యని మా బాధ. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టమే బిడ్డకు 15 నెలలు నిండువరకు దినమునకు రెండు విరామములు ఇమ్మన్నది. 2017 సవరణతో సెలవు 26 వారములైనది. ఏ సంస్థకు ఏ సెక్షను వర్తించునో న్యాయవాదులు తేల్చుకొందురు గాక. మేము కోరునది గడియ గల ఒక తలుపు, ఒక కుర్చీ, చేతులు కడుగుకొను కుళాయి.

మన స్టాఫు రూము ప్రక్కన విరిగిన బల్లలు వేసిన గది ఒకటి కలదు. తాళముచెవి ఎవరి వద్ద నున్నదో కనుగొని తెలుపవలసినదిగా కార్యాలయము వారిని ఈ పత్రికా ముఖముననే అర్థించుచున్నాము.