మందు అందాలంటే... లెక్క తెలియాలి!

తొలకరి పడుతుంది. పొలం పనులు మొదలవుతాయి. పాముకాటు కేసులు పెరిగేదీ ఆ రోజుల్లోనే. కాటుపడ్డ మనిషిని ఆటోలో వేసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తుకొస్తారు. డాక్టరు ఉంటారు, నర్సు ఉంటారు. విషానికి విరుగుడు మందు మాత్రం నిండుకుని ఉంటుంది. పోనీ ఆ మందు జిల్లాలోనే లేదా అంటే... ఉంటుంది. యాభై కిలోమీటర్ల అవతల గిడ్డంగిలో అట్టపెట్టెల్లో ఉంటుంది. వాడే అవసరం రాని మరో ఆస్పత్రిలో గడువు తీరిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఎక్కడ ఎంత ఉందో, ఎక్కడికి ఎప్పుడు పంపాలో చెప్పేవాళ్లు లేకపోతే ఖరీదు పెట్టి కొన్న మందు కూడా ప్రాణం కాపాడలేదు.

ఆ లెక్క చెప్పడమే ఇప్పుడొక వృత్తి. కంప్యూటరు తెలిసి, మందుల సంగతీ తెలిసినవాళ్లకు ఆస్పత్రుల్లో, ఔషధ కంపెనీల్లో, ప్రభుత్వ సంస్థల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనుంది. 'హెల్త్‌కేర్ సప్లై చైన్ ఐటీ' అనే ఈ రంగం గురించి మన ఇళ్లలో మాట్లాడుకునేది తక్కువే. ఇంజినీరింగ్ అయితే సాఫ్ట్‌వేర్, ఫార్మసీ అయితే మెడికల్ షాపు లేదా కంపెనీ... ఇంతవరకే ఆలోచిస్తున్నాం. ఈ రెంటికీ మధ్యలో ఉన్న దారి ఇది.

ఏమిటీ పని?

పెద్దాస్పత్రిలో వాడే వస్తువులు వేలల్లో ఉంటాయి. దూది, సిరంజి, కుట్లు వేసే దారం నుంచి గుండెకు వేసే స్టెంట్ దాకా అన్నీ సరుకులే. అన్నిటినీ ఒకేలా చూడటం కుదరదు. అందుకే రెండు రకాలుగా విడదీస్తారు. ఖర్చునుబట్టి ఏ, బీ, సీ. అవసరాన్నిబట్టి వైటల్, ఎసెన్షియల్, డిజైరబుల్. అడ్రినలిన్ ఇంజెక్షన్ ధర తక్కువే, కానీ అది లేకపోతే ప్రాణం పోతుంది. అలాంటిదాన్ని ఖర్చు లెక్కలో చివరన ఉంది కదా అని వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక మళ్లీ ఎప్పుడు తెప్పించాలన్నది. ఓ ఆస్పత్రిలో ఇన్సులిన్ రోజుకు 20 సీసాలు అవుతోందనుకుందాం. ఇండెంట్ పెట్టాక సరుకు రావడానికి 15 రోజులు. అంటే దారిలో ఉండగానే 300 సీసాలు ఖర్చవుతాయి. ఆలస్యమైతే ఆదుకోవడానికి మరో వారానికి సరిపడా 140. మొత్తం 440. నిల్వ ఆ అంకెకు దిగగానే కంప్యూటరు హెచ్చరించాలి. సరుకు బయటికి తీసేటప్పుడు ముందు వచ్చింది ముందు ఇవ్వడం కిరాణా కొట్టు పద్ధతి. మందుల గదిలో ముందు గడువు తీరేదాన్ని ముందు ఇవ్వాలి. ఇదంతా చేతి పుస్తకాల్లో రాసి చూసుకోవడం ఒక్క ఫార్మసిస్టుకు అయ్యే పని కాదు.

దారి చూపిన రాష్ట్రాలు

మందుల కొనుగోలును ఒక పద్ధతిలో పెట్టిన రాష్ట్రంగా తమిళనాడుకు పేరు. 1994లో ఏర్పాటైన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ రాష్ట్రమంతటికీ కలిపి కొని, జిల్లా గిడ్డంగుల్లో ఉంచుతుంది. ప్రతి ఆస్పత్రికీ బ్యాంకు పాస్‌బుక్ లాంటిది ఒకటి ఇచ్చి, అందులోని మొత్తం మేరకు కావలసిన మందులు తీసుకోనిచ్చింది. గిడ్డంగుల లెక్కలు కంప్యూటర్లకెక్కాయి. 2011 అక్టోబరు 2న రాజస్థాన్ ఉచిత మందుల పథకం మొదలుపెట్టినప్పుడు సీ-డాక్ తయారుచేసిన 'ఈ-ఔషధి' సాఫ్ట్‌వేర్ వెన్నెముకగా నిలిచింది. తర్వాత అది మన తెలుగు రాష్ట్రాలతో సహా మరెన్నో చోట్లకు వచ్చింది.

టీకాల సంగతి మరీ సున్నితం. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. వేడి తగిలితే పాడవుతాయని అందరికీ తెలుసు. గడ్డకట్టినా కొన్ని పనికిరావన్నది చాలామందికి తెలియదు. పెంటావాలెంట్, హెపటైటిస్-బి అలాంటివే. చూడ్డానికి సీసా మామూలుగానే ఉండొచ్చు. లోపలి మందు మాత్రం రక్షణ ఇవ్వదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2015లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమంతో కలిసి మొదలుపెట్టిన 'ఈ-విన్' దీనికోసమే. టీకాల ఫ్రిజ్‌లో ఉన్న సెన్సర్ పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత నమోదు చేస్తుంది. సిమ్ కార్డు ద్వారా గంటకోసారి సర్వర్‌కు పంపుతుంది. హద్దు దాటితే బాధ్యులకు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. నిల్వల వివరాలను సిబ్బంది స్మార్ట్‌ఫోన్‌లో ఎక్కిస్తారు. 2021 జనవరి 16న కొవిడ్ టీకాలు మొదలైనప్పుడు ఈ ఏర్పాటు అక్కరకొచ్చింది. 'కో-విన్' దానిమీదే నిలబడింది. దేశంలో 220 కోట్లకు పైగా డోసులు వేయగలిగారంటే టీకా వేసిన చేతులతోపాటు ఈ లెక్కలు రాసిన చేతులకూ వాటా ఉంది.

రక్తనిధులకూ ఇదే అవసరం. ప్లేట్‌లెట్ల ఆయుష్షు ఐదు రోజులే. డెంగీ సీజన్‌లో ఓ ఊళ్లో వాటికోసం బంధువులు తిరుగుతుంటే, పక్క ఊళ్లో గడువు దాటి పారబోసే పరిస్థితి రాకూడదు. రక్తనిధుల నిల్వలు ఆన్‌లైన్లో కనిపించేలా చేసిన 'ఈ-రక్తకోశ్' ఆ ఉద్దేశంతో వచ్చిందే.

లెక్కలో ఒక మెలిక

సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయనుకుంటే పొరపాటు. ఈ ఉదాహరణ చూడండి. ఓ ఆస్పత్రికి బీపీ బిళ్లలు 20 రోజులకే సరిపోయాయి. ఆ 20 రోజుల్లో 4,000 ఖర్చయ్యాయి. మిగతా పది రోజులూ రోగులు ఉత్తచేతులతో తిరిగి వెళ్లారు. కంప్యూటరు నెల మొత్తానికి 4,000 అని లెక్కేసి, రోజుకు 133 చాలంటుంది. నిజానికి కావలసింది రోజుకు 200. వచ్చే నెలా అదే 4,000 పంపితే మళ్లీ పది రోజులు కొరతే. ఇచ్చిన మందునే అవసరమనుకుంటే, ఇవ్వలేకపోయిన మందు లెక్కలోకి రాదు. మందు లేని రోజుల్ని పక్కన పెట్టి సగటు తీయాలని కోడ్ రాసేవాడికి తెలియాలి. ఆ విషయం తట్టాలంటే ఒక్కరోజైనా మందుల కౌంటర్ దగ్గర నిలబడి చూసి ఉండాలి. ఈ వృత్తిలో రెండు చదువులూ ఎందుకు కలవాలంటే ఇందుకే.

ఫార్మసిస్టు కష్టాన్నీ మరవకూడదు. ఎదురుగా వందమంది వరసలో ఉంటే, ఒకో మందుకూ నాలుగు తెరలు దాటి అంకెలు ఎక్కించమంటే ఆమె సాయంత్రం కూర్చుని గుర్తున్నంత మేర నింపేస్తుంది. అలా వచ్చిన వివరాలతో రాష్ట్ర రాజధానిలో ఎంత అందమైన గ్రాఫులు గీసినా ప్రయోజనం లేదు. తక్కువ నొక్కులతో, ఒక్క స్కాన్‌తో పని అయిపోయేలా చేసినవాడే ఇక్కడ మంచి ఇంజినీరు.

హైదరాబాద్‌కు కలిసొచ్చేది

ఔషధ కంపెనీలు, టీకాల తయారీ, సాఫ్ట్‌వేర్ సంస్థలు మూడూ ఒకేచోట ఉన్న నగరాలు ఎన్నో లేవు. హైదరాబాద్ అందులో ఒకటి. శంషాబాద్ విమానాశ్రయం కార్గోలో మందులకోసం చల్లదనం చెడని ప్రత్యేక విభాగమే ఉంది. అమెరికా 2013లో చేసిన చట్టంతో అక్కడికి వెళ్లే మందుల ప్యాకెట్లకు విడివిడిగా గుర్తింపు సంఖ్యలు ఉండాలి. మన దేశంలోనూ 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందులపై బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. దాన్ని స్కాన్ చేస్తే తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లాంటివి తెలుస్తాయి. ఈ కోడ్‌లు ముద్రించే యంత్రాలను, గిడ్డంగిని, కంపెనీ ఈఆర్పీని ఒకదానితో ఒకటి మాట్లాడించడానికి మనుషులు కావాలి.

ఔషధ కంపెనీల్లో మరో ఉద్యోగం ఉంది. కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్. వాడే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందనీ, రికార్డులను ఎవరూ గుట్టుచప్పుడు కాకుండా మార్చలేరనీ పత్రాలతో సహా నిరూపించడం ఈ పని. ఓపిక, రాత నైపుణ్యం ఉన్న ఫార్మసీ పట్టభద్రులకు బాగా నప్పుతుంది. కొత్త ప్రయోగాలూ జరిగాయి. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపి చూశారు.

ఏం చదవాలి?

ఈ పేరుతోనే డిగ్రీ వెతుక్కోనక్కర్లేదు. దారులు మూడు.

బీఫార్మసీ చదివినవారు ఎక్సెల్‌లో పట్టు, ఎస్‌క్యూఎల్, ఏదైనా ఈఆర్పీలో సామగ్రి నిర్వహణ భాగం నేర్చుకోవాలి. ఎస్ఏపీలో అయితే దాన్ని ఎంఎం మాడ్యూల్ అంటారు.

బీటెక్, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్‌వారికి కోడింగ్ వస్తుంది. వారు నేర్వాల్సింది మందుల పేర్లు, నిల్వ నియమాలు, టెండర్లు, ఆస్పత్రి పనితీరు. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లు సమాచారం మార్చుకునే హెచ్ఎల్7 ప్రమాణాలూ తెలియాలి.

పీజీ చేయాలనుకునేవారికి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్‌కేర్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ ఉంది. జైపూర్‌లోని ఐఐహెచ్ఎంఆర్ ఆరోగ్య నిర్వహణ చదువులకు పేరున్న సంస్థ. సప్లై చైన్‌కు ప్రసిద్ధమైన ముంబయి నిటీ 2023లో ఐఐఎం ముంబయిగా మారింది. ఉద్యోగంలో చేరాక ఏఎస్‌సీఎం ఇచ్చే సీపీఐఎం, సీఎస్‌సీపీ సర్టిఫికెట్లు పనికొస్తాయి.

ముందే తెలుసుకోండి

మొదటి రోజునుంచే గాజు మేడలో కూర్చోబెడతారని ఆశ పెట్టుకోవద్దు. తొలి రెండేళ్లు గిడ్డంగి దుమ్ములో పెట్టెలు లెక్కించాల్సి రావచ్చు. అర్ధరాత్రి సర్వర్ ఆగితే పరుగెత్తాలి. ప్రభుత్వ ప్రాజెక్టుల్లో చాలా ఉద్యోగాలు కాంట్రాక్టువే. అది అడిగి తెలుసుకున్నాకే చేరాలి. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అంటూ ఆరు వారాల కోర్సుకు లక్ష అడిగే శిక్షణ సంస్థలతోనూ జాగ్రత్త. గతంలో అక్కడ చదివినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో ఇద్దరు ముగ్గురిని కనుక్కున్నాకే ఫీజు కట్టాలి.

అమ్మానాన్నలు ఒక పని చేయొచ్చు. వేసవి సెలవుల్లో పిల్లల్ని తెలిసినవారి మందుల దుకాణంలోనో, ఊళ్లోని ఆస్పత్రి స్టోర్‌లోనో అనుమతి తీసుకుని పదిరోజులు కూర్చోబెట్టండి. ఏ మందు ఎంత పోతోంది, ఏది ఎప్పుడు అయిపోతోంది, ఎన్ని గడువు తీరుతున్నాయి... ఓ నోట్‌బుక్‌లో రాసుకోమనండి. పదకొండో రోజున 'ఇది ఇలా కాకుండా ఇలా చేయొచ్చు కదా!' అంటూ మీ దగ్గరకొస్తే, ఈ వృత్తికి పనికొచ్చే బిడ్డే. ఇక ఏ కోర్సులో చేర్చాలన్నది ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.