గీకితే ఇంజిన్‌కే ముప్పు

తాతగారి నాటి యెజ్డీ బండి ఇంజిన్ విప్పితే, సిలిండర్ కింది గ్యాస్కెట్ పెనానికి అంటుకున్న మాడట్టులా కనిపిస్తుంది. చాలామంది స్క్రూడ్రైవర్‌తో గీకేస్తారు. చిక్కంతా అక్కడే! ఇది టూస్ట్రోక్ ఇంజిన్. మెత్తని అల్యూమినియం మీద లోతుగా గీత పడితే దానిగుండా గాలి లోపలికి చేరుతుంది. పెట్రోలు, ఆయిలు పాళ్లు తగ్గి, పిస్టన్ వేడెక్కి సీజ్ అవుతుంది. కొత్త క్రాంక్‌కేస్ వేద్దామంటే, ఆ బండ్లు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది.

ముందు రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. థిన్నర్‌లో తడిపిన గుడ్డను గ్యాస్కెట్‌పై పరిచి అరగంట వదిలేయాలి. ఈ పని ఆరుబయటే, గ్లౌజులు వేసుకుని చేయాలి. సిగరెట్ సంగతి వేరే చెప్పాలా! నానాక ప్లాస్టిక్ బద్దతో తోస్తే పొరలుగా ఊడొస్తుంది. ఊడని చోట మళ్లీ తడపాలి. ఎమరీ పేపర్‌తో పొడిగా రుద్దడం మాత్రం వద్దు. పాత గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.