వెలుగు సైన్సు వాళ్ళదేనా?

దసరా సెలవులకి మునిగుడ వెళ్ళినప్పుడు పెరట్లో మిణుగురులు కనిపించాయి. అమ్మకి అవి మిణుగురులు, నాన్నకి ఒడియాలో జుళుజుళియా. ప్లస్ టూ చదివే తమ్ముడు "అక్కా, ఇది ఫ్లోరసెన్సే కదా?" అన్నాడు. నాకు చెప్పడం రాలేదు. "తెలుగు బి.ఏ. వాళ్ళం, మనకెందుకులే" అనేశాను. ఆ మాట తప్పని ఇప్పుడనిపిస్తోంది.

తర్వాత చదివాను. మిణుగురు తన వెలుగు తానే పుట్టించుకుంటుంది. ఫ్లోరసెన్స్, అంటే ప్రతిదీప్తి, వేరు. బయటి కాంతిని తీసుకుని మరో రంగులో తిరిగివ్వడం అది. ఒక జెల్లీఫిష్‌లో దొరికిన ప్రొటీను మీద నీలికాంతి పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. దాన్ని గుర్తుగా తగిలించి, బతికున్న కణంలో ఏ ప్రొటీను ఎక్కడుందో చూస్తారు. 2008లో కెమిస్ట్రీ నోబెల్ దీనికే వచ్చింది.

2022 ఫిజిక్స్ నోబెల్ కూడా కాంతి ప్రయోగాలకే. ముడిపడిన రెండు ఫోటాన్లు ఎంత దూరంలో ఉన్నా, వాటిని కొలిస్తే వచ్చే ఫలితాలకి పొంతన ఉంటుందని చూపారు. ఫోటాన్‌కి స్పిన్ ఉందని 1931లోనే ప్రయోగంతో చెప్పినవారు సి.వి. రామన్, మన సూరి భగవంతం గారు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు.

ఇంగ్లీషు మాటలు చాలవా అంటారు కొందరు. ఫ్లోరసెన్స్ అన్న మాట నాకు ముందే తెలుసు. అయినా తమ్ముడికి జవాబు చెప్పలేకపోయాను కదా! మాట తెలియడం వేరు, విడమరచి చెప్పడం వేరు. ఆ చెప్పడం మన డిపార్ట్‌మెంటు పనే.

అందుకే మేడమ్‌లకి, మీకూ నా మనవి: ఈ గోడపత్రికలో నెలకో సైన్సు మాటని తెలుగులో విప్పి చెప్పుకుందాం. మొదటి మాట నేను రాసేశాను. రెండోది ఎవరు రాస్తారు?