రాయికి కాదు, మనిషికి ఇవ్వండి

మా ఊరి సేవా ట్రస్టు సమావేశాలకు నేనూ వెళ్తుంటాను. దరఖాస్తుల కట్ట ఏడాదంతా బీరువాలో ఉండి, ఫిబ్రవరి వెళ్లాక బల్ల మీదికి వస్తుంది. పన్ను మినహాయింపు నిలవాలంటే ట్రస్టు ఆ ఏడాది ఆదాయంలో సాధారణంగా 85 శాతమైనా ఆశయాలకు ఖర్చు చేయాలి. మార్చి 31 తరుముకొస్తుంటుంది. ఆ హడావిడిలో నెగ్గేవి కంటికి కనబడేవే: వాటర్ ప్లాంటు, కుట్టు మిషన్లు, బస్ షెల్టరు. వాటి మీద దాత పేరు రాయించొచ్చు మరి. పక్క ఊరి బడికి మేమిచ్చిన ఆర్వో ప్లాంటును మొన్న చూశాను. శిలాఫలకం మీద పేరు ఇంకా మెరుస్తోంది, కుళాయికి సాలెగూడు పట్టింది. ఫిల్టర్లు ఎవరు మారుస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు అని దాన్ని మంజూరు చేసిన సమావేశంలో మేమెవరం అడగలేదు. అదే సమావేశంలో, కూలికెళ్లే వాళ్ల పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పే అమ్మాయికి నెలనెలా కొంత ఇమ్మన్న దరఖాస్తును ‘జీతాలకు ఇవ్వం’ అని పక్కన పెట్టేశాం. నా దృష్టిలో ఆ ఏడు మేం చేసిన పెద్ద తప్పు ప్లాంటు కాదు, అది. సేవ నడిచేది మనుషుల వల్ల. వాళ్లకూ ఇల్లు గడవాలి. ట్రస్టీలకు నా విన్నపం: దరఖాస్తులు దసరాకే విప్పండి, సంతకం పెట్టేముందు ఒక్కసారి ఆ దరఖాస్తు వచ్చిన వీధికి వెళ్లి, అక్కడి తల్లుల్ని అడిగి రండి.