కాబ్లర్ మన దస్తర్‌ఖాన్ మీద ఎందుకు ఉండకూడదు?

మన ఇళ్లలో ఆడపిల్ల ఏదైనా కొత్త మీఠా చేసి తెస్తే మొదట వినిపించే మాట మాషాఅల్లాహ్ కాదు. "యే కైకా మీఠా, బేటా?" అన్నదే. ఈ ఎండాకాలం మా ఖాందాన్‌లో ఒకమ్మాయి పీచ్ కాబ్లర్ చేసింది. పీచ్ అంటే ఉర్దూలో మనం ఆడూ అనే పండు. వేడివేడిగా గిన్నెతో సహా తెచ్చి దస్తర్‌ఖాన్ మీద పెట్టింది. పెద్దలు చెంచాతో అంచులు కెలికి, ఇది ఫిరంగీ తిండి, మన తహజీబ్ కాదని తేల్చేశారు. వాళ్లే ఆ తర్వాత స్వీట్ షాపు డబ్బా తెరిచి, ఎవరు ఎప్పుడు చేశారో తెలియని మిఠాయిని ఇష్టంగా తిన్నారు. ఇంట్లో చేసింది పరాయిదైంది, అంగట్లో కొన్నది మనదైంది. ఈ హిసాబ్ నాకు ఎంతకీ అర్థం కావడం లేదు.

అసలు కాబ్లర్ ఏమిటో చూద్దాం. చాలా సాదా వంట. కోసిన పండు ముక్కలు, మైదా పిండి, వెన్న, చక్కెర, వేడి. అంతకు మించి ఏమీ లేదు. కేక్‌కు ఉండే నఖ్రాలు దీనికి లేవు. పైన ఎగుడుదిగుడుగా, అక్కడక్కడా పగిలి, పండు రసం బయటికి ఉబికి ఉంటుంది. రాళ్లు పరిచిన వీధిలా కనిపిస్తుంది కాబట్టే ఆ పేరు వచ్చిందని కొందరు అంటారు. అమెరికాకు వలస వెళ్లిన ఇంగ్లిష్ వాళ్లకు తమ ఊళ్లో చేసుకునే పుడ్డింగులకూ, పైలకూ కావలసిన సామాను అక్కడ దొరకలేదు, సరైన ఓవెన్ కూడా లేదు. అందుకని ఇనప దేగ్చీలో పండు వేసి, పైన పిండి ముద్దలు పరిచి, కింద నిప్పులు, మూత మీద కూడా నిప్పులు పెట్టి వండుకున్నారు.

మూత మీద నిప్పులు! ఈ ముక్క చదివిన హైదరాబాదీ ఎవరైనా ఒక్క క్షణం ఆగాల్సిందే. దమ్ పెట్టడం అంటే అదే కదా. సముద్రానికి అవతల ఎవరో పేదవాళ్లు, మన బావర్చీల మొహం కూడా ఎరగనివాళ్లు, పైనా కిందా నిప్పు పెట్టి వంట కాచుకున్నారు. వాళ్ల మజ్బూరీ వాళ్లకు ఆ హునర్ నేర్పింది.

ఇక "మనది" అన్న మాట. డబల్ కా మీఠా మనదేనా? అందులో ఉన్నది బేకరీ డబల్ రొట్టె. ఆ రొట్టె ఈ గడ్డమీదికి యూరప్ వాళ్లతో వచ్చింది. మనవాళ్లు దాన్ని నెయ్యిలో వేయించి, పాలూ పాకమూ పట్టించి వలీమా ఇజ్జత్‌ను దాని మీద నిలబెట్టారు. ఖుబానీ కా మీఠా సంగతి చూడండి. దక్కన్‌లో ఖుబానీ చెట్టు పెరగదు. చలికొండల్లో కాసి, ఎండి, వ్యాపారుల మూటల్లో ఇక్కడికి చేరిన పండు అది. ఈ రెండూ లేకుండా హైదరాబాద్ దావత్ అంటే ఒప్పుకునేవాళ్లు ఎవరు? ఈ రెండింటికీ మన పేరు వచ్చింది మన చేతుల వల్ల. ఎక్కడ పుట్టాయని అడిగి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఆడూ పండు సఫర్ ఇంకా పెద్దది. పుట్టింది చైనాలో. అక్కడి నుంచి ఇరాన్ మీదుగా రోమ్ చేరింది. రోమన్లు దాన్ని ఇరాన్ పండే అనుకున్నారు. ఇంగ్లిష్‌లో పీచ్ అన్న మాటకు మూలం లాటిన్‌లోని పెర్సికుమ్, అంటే పర్షియాది అని. మన పాత ఉర్దూలో దీనికే శఫ్తాలూ అన్న ఫార్సీ పేరు కూడా ఉంది. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు దాన్ని అమెరికాకు తీసుకెళ్లారు. ఇవాళ జార్జియా రాష్ట్రం తనను తాను పీచ్ రాష్ట్రం అని పిలుచుకుంటుంది. అంటే అమెరికా వాళ్లు తమదని గొప్పగా చెప్పుకునే పండు కూడా అక్కడికి మెహమాన్‌గా వెళ్లిందే.

కాబ్లర్‌ను అమెరికా దక్షిణాది మీఠాగా నిలబెట్టినవాళ్లలో నల్లజాతి వంటవాళ్ల పాత్ర చాలా పెద్దది. అబ్బీ ఫిషర్ అనే ఆవిడ కథ చెప్పి తీరాలి. దక్షిణ కరోలినాలో గులామీలో పుట్టింది. గులామీ పోయాక కుటుంబంతో సాన్‌ఫ్రాన్సిస్కో చేరి, పచ్చళ్లూ మురబ్బాలూ చేసి అమ్మి పేరు తెచ్చుకుంది. చదవడం, రాయడం రాదు. ఆమె నోటితో చెప్తూ ఉంటే వేరేవాళ్లు రాసిపెట్టారు. 1881లో అది పుస్తకమై వచ్చింది. పీచ్ కాబ్లర్ అందులో ఉంది. చదువు రాని ఒక మనిషి చేతి అందాజ్ నూట నలభై ఏళ్లు దాటి ఇవాళ మన పిల్ల ఫోన్‌లోకి వచ్చి కూర్చుందంటే, ఎవరో పక్కన కూర్చుని ఓపిగ్గా రాసుకోబట్టే.

మన నానీలు, దాదీలు ఏం తక్కువ? వాళ్ల దగ్గరా కొలత ఉండదు. "అందాజ్ సే డాలో" అంటారు. ఆ అందాజ్ ఏమిటో అడిగి రాసినవాళ్లు ఎందరు? ఉర్దూ మీడియంలో చదివిన నా తరం వరకు ఆ మాటలు చెవిన పడ్డాయి. మన పిల్లలు ఉర్దూ వింటారు, మాట్లాడతారు, చదవలేరు. వాళ్ల కోసం తెలుగు లిపిలోనే రాయండి, తప్పేముంది? కొత్త మీఠా చేసిన పిల్లను వెక్కిరించే నోరు, అదే పిల్లను పిలిచి "నా గులాబ్‌జామున్ ఇలా చేస్తానమ్మా, రాసుకో" అనొచ్చు కదా. ఆ పిల్లకు వంట మీద షౌఖ్ ఉందని కాబ్లర్ ఇప్పటికే చెప్పేసింది. ఆ షౌఖ్‌ను విరిచేస్తే మిగిలేది స్వీట్ షాపు డబ్బానే.

ఇంకో మాట. ఇంట్లో చేయాలి, ఇంట్లో చేయాలి అని నాలాంటి మగవాడు రాస్తే ఆడవాళ్లకు ఒళ్లు మండుతుంది, వాళ్ల హక్ అది. ఈద్ పొద్దున షీర్‌ఖుర్మా, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం మెహమాన్లు. దీని మీద కాబ్లర్ కూడానా? నేననేది వేరు. వలీమాలో క్వింటాళ్ల లెక్కన దేగ్‌లు దించే వస్తాదులంతా మగవాళ్లే. ఇంటి వంటగదిలో చిన్న గిన్నె దించడానికి మాత్రం చేతులు రావు. కాబ్లర్ పని పావుగంట, మిగిలింది పొయ్యి చూసుకుంటుంది. పదో తరగతి అబ్బాయి హాయిగా చేయగలడు.

చేసే తరీఖా ఇది. ఆడూ పండ్లు మే నుంచి జూలై దాకా హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల నుంచి మన పండ్ల మార్కెట్లకు వస్తాయి. ఒక కిలో తీసుకోండి, మరీ మెత్తనివి వద్దు. మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి చల్లటి నీళ్లలో వేస్తే తొక్క చేత్తోనే వస్తుంది. ముక్కలు కోసి, నాలుగు చెంచాల చక్కెర, సగం నిమ్మకాయ రసం, ఏలకుల పొడి కలిపి పక్కన పెట్టండి. ఒక కప్పు మైదా, ముప్పావు కప్పు చక్కెర, రెండు టీ చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఒక కప్పు పాలు కలిపి జారుగా చేసుకోండి. లోతైన గిన్నెలో వంద గ్రాముల వెన్న కరిగించి, దాని మీద ఈ పిండి పోయండి. కలపొద్దు. పిండి మీద పండు ముక్కలు పరచండి. అప్పుడూ కలపొద్దు. వేడికి పిండి తనంతట తనే పండు మధ్యలోంచి పైకి లేస్తుంది. ఓవెన్‌లో 180 డిగ్రీల మీద ముప్పావుగంట. ఓవెన్ లేకపోతే బరువైన దేగ్చీ అడుగున ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె దించి మూతపెట్టి చిన్న మంట మీద ఓ గంట. పైన రంగు రావాలంటే మూత మీద నిప్పులు, దమ్ మనకు కొత్త కాదు.

అమెరికాలో రాసిన రెసిపీల్లో చక్కెర ఎక్కువ. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలుంటే ఇంకా తగ్గించండి. మా కర్నూలు లాంటి ఊళ్లలో ఆడూ దొరకని రోజున గట్టిగా ఉన్న బంగినపల్లి మామిడితో చేయండి, నిమ్మరసం కొంచెం పెంచి. నా జుబాన్‌కు అదే ఎక్కువ నచ్చింది.

రెసిపీల్లో వనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ అని కనిపిస్తుంది. అమెరికాలో అమ్మే అసలు ఎక్స్‌ట్రాక్ట్‌లో అక్కడి నిబంధనల ప్రకారమే కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. వంటలో దాని గురించి ఉలమాల మధ్య వేర్వేరు అభిప్రాయాలున్నాయి, నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. ఏలకులు ఉండగా ఆ బహస్ మన వంటింటికి ఎందుకు? డాలస్‌లో, షికాగోలో ఉన్న మన పిల్లలు రెడీమేడ్ పిండి ప్యాకెట్లు కొనేటప్పుడు లార్డ్ అన్న మాట ఉందేమో చూసుకోవాలి. అది పంది కొవ్వు. కొన్ని రెసిపీల్లో బర్బన్ కూడా ఉంటుంది, అది సారా. దాన్ని వదిలేస్తే రుచికి వచ్చిన నష్టం ఏమీ లేదు.

ఖుబానీ కా మీఠా తినే ఇళ్లకు చివరగా ఒక హెచ్చరిక. ఖుబానీ గింజ పగలగొట్టి, లోపలి తియ్యటి పప్పును మీఠా మీద చల్లడం మనకు అలవాటు. పిల్లలకు అదే సరదా. ఆడూ గింజతో ఆ పని చేయొద్దు. దాని పప్పు చేదు, కడుపులోకి వెళ్తే సైనైడ్ విషం పుట్టించే పదార్థం అందులో ఉంటుంది. ముక్కలు కోసిన వెంటనే ఆ గింజలు లెక్కపెట్టి మరీ చెత్తలో వేయండి, రోలూ రోకలీ పిల్లలకు దొరక్కముందే.