మొక్కుకు మధ్యవర్తి ఎందుకు?

సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద రెండేళ్లకోసారి దేవుడి మాటే చెల్లుతుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర ఐదు రోజులూ పోలీసులు బండ్లను వేరే దారుల్లోకి మళ్లిస్తారు. 2025 ఫిబ్రవరిలోనూ అంతే. కాళ్లకు గజ్జెలు, నెత్తిన గంపలు, నోట 'ఓ లింగా' అన్న కేకతో జనం గుట్టెక్కుతారు. లింగమంతుల స్వామికి శాకాహార నైవేద్యం, చెల్లెలు చౌడమ్మకు యాటపోతు. ఒకే గట్టు మీద అన్నకో వంట, చెల్లెలికో వంట! ఈ సర్దుబాటు ఏ పీఠాధిపతీ చెప్పింది కాదు, గొల్లలు తమ ఇంటి లెక్కన చేసుకున్నది.

ఈ ప్రాంతపు భక్తిలో అసలు బలం అదే. ఎవరి దారి వారిది.

పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గానే చూడండి. శుక్రవారం వస్తే చాలు, ట్రాక్టర్లలో, ఆటోల్లో కుటుంబాలు దిగుతాయి. చెట్ల కింద పొయ్యిలు రాజుకుంటాయి, కందూరు, అంటే మొక్కు విందు, వండి పంచుతారు. వచ్చినవాళ్లలో హిందువులకు కొదవ లేదు. పిల్లలు పుట్టాలనో, పుట్టిన బిడ్డ నిలవాలనో మొక్కుకుని, మొక్కు ఫలిస్తే దర్గాలోని సైదుల పేరే బిడ్డకు పెట్టుకుంటారు. అందుకే కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో బడి హాజరుపట్టీ తెరిస్తే సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి కనిపిస్తారు. ఆ పేరుగల మనిషి తెల్లారి శివాలయానికి వెళ్లినా ఇక్కడ వింతగా చూసేవారు లేరు. 'నీ దేవుడెవరు, తేల్చి చెప్పు' అనే గొంతులు ఈ మధ్య పెరుగుతున్నాయి. ఆ గొంతులు ఒక్క శుక్రవారం కందూరు పంక్తిలో కూర్చుంటే మంచిది.

పిల్లలమర్రిలో ఎరకసాని అనే మహిళ 1208లో తన పేరు మీదే శివాలయం కట్టించింది, అదే ఎరకేశ్వరాలయం. రాళ్లు చెక్కించే స్తోమత అందరికీ ఉండదు. మట్టపల్లి నరసింహుడి గుడి చుట్టూ 32 ప్రదక్షిణలు చేయడానికి కాళ్లు చాలు. మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ మొదటి బస్తా ఎత్తే ముందు దాన్ని తాకి కళ్లకద్దుకుంటాడు. లారీ డ్రైవరు స్టీరింగుకు దండం పెట్టి తాళం తిప్పుతాడు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవారు ఉంటారు. రోజూ ప్రాణం పణంగా పెట్టే పనిలో ఆ అరనిమిషం ఆగడం చిన్న విషయమేమీ కాదు.

చిక్కల్లా ఏమిటంటే, మన పెద్దలకు భక్తి అంటే నిర్మాణమే గుర్తొస్తుంది. స్వాగత తోరణం, ప్రత్యేక దర్శనం, ప్రముఖులకో వరస. వాడపల్లిలో కృష్ణా, మూసీ కలిసే చోట నరసింహుడి గర్భగుడిలో పైదీపం రెపరెపలాడుతుంది, కింది దీపం కదలదు. స్వామి ఊపిరే కారణమని భక్తుల నమ్మకం. అది చూడాలంటే దీపం ముందు తీరిగ్గా నిలబడాలి. తోసుకుపొమ్మనే వరసలో ఆ తీరిక ఎక్కడిది?

రెండేళ్ల లెక్కన పెద్దగట్టు జాతర మళ్లీ 2027లో వస్తుంది. అప్పటికి ఆడవాళ్లు స్నానం చేయడానికి నాలుగు గోడలు, సరిపడా మరుగుదొడ్లు, తాగే నీళ్లు, రాత్రిపూట సూర్యాపేటకు బస్సులు. అధికారులు ఇంతవరకు చూసుకుంటే చాలు, గంప ఎలా ఎత్తుకోవాలో ఆ తల్లులకు తెలుసు.