మనం మార్చలేని పాస్‌వర్డు

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, పాస్‌వర్డు తరచూ మార్చుకోండి అని బ్యాంకులూ పోలీసులూ చెబుతూనే ఉంటారు. మంచి మాటే. కానీ పంటల నమోదు వ్యవస్థ ఈ-క్రాప్‌లో నమోదైన ఆళ్లగడ్డ రైతు వివరాలనూ, ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం నంద్యాల విద్యార్థి ఇచ్చిన ఆధార్ నంబరునూ కాపాడాల్సింది వాళ్ల పాస్‌వర్డు కాదు. ఆ సాఫ్ట్‌వేర్ తన డేటాబేస్‌ను తెరవడానికి వాడే పాస్‌వర్డు. దాన్ని వాళ్లు చూడలేరు, మార్చలేరు. అదే గనక ప్రోగ్రాంలో రాసి ఉంటే, చూడకూడని వాళ్లు మాత్రం చూడగలరు.

2024 జూన్‌లో తెలంగాణ పోలీసులకు ఎదురైన చిక్కు ఈ కోవలోదిగానే కనిపిస్తుంది. పౌరులు ఫిర్యాదులు పంపే హాక్ ఐ యాప్ సమాచారం 150 డాలర్లకు ఆన్‌లైన్ అంగట్లోకి వచ్చింది. వెనువెంటనే పోలీసు సిబ్బంది వాడే టీఎస్‌కాప్ పేరూ వినబడింది. దాని తయారీదారులు పాస్‌వర్డులను యాప్‌లోనే మామూలు అక్షరాల్లో పెట్టారనీ, ఆ యాప్ నేరాల సమాచార వ్యవస్థ సీసీటీఎన్‌ఎస్‌కు అనుసంధానమై ఉందనీ డేటా పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి ఆరోపించారు. హాక్ ఐ కేసులో గ్రేటర్ నోయిడాలో ఇరవై ఏళ్ల విద్యార్థిని పట్టుకున్నారు. అరెస్టుకు దొరికినంత చోటు, యాప్ ఎవరు ఎలా రాశారన్న ప్రశ్నకు వార్తల్లో దొరకలేదు. ఫోన్‌లోకి దించుకున్న యాప్‌ను విప్పి లోపలి అక్షరాలు చదవడానికి ఉచిత పనిముట్లే చాలు. ఆ పనికి మహా మేధావి అక్కర్లేదు.

ఇది కొత్త జబ్బు కాదు. బోర్లాండ్ కంపెనీ ఇంటర్‌బేస్ డేటాబేస్‌లో 1994 నుంచీ ఒక దొంగదారి ఉండేది. యూజర్ పేరు ‘పొలిటికల్లీ’, పాస్‌వర్డు ‘కరెక్ట్’. రాసినవాళ్లకు హాస్యప్రియత్వం ఉన్నట్టుంది! దురుద్దేశంతో పెట్టింది కాదది. యూజర్ల జాబితా కూడా డేటాబేస్‌లోనే ఉండటంతో, దాన్ని తెరవడానికి ఇంజిన్‌కే ఒక పాస్‌వర్డు కావాల్సివచ్చింది. 2000లో సోర్స్‌కోడ్ బయటపెట్టాక నెలల్లోనే సంగతి తేలింది. 2001 జనవరిలో కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్ హెచ్చరిక జారీచేసింది. అప్పటిదాకా ఎవరెవరు ఆ దారిన వెళ్లొచ్చారో చెప్పడం ఎవరి తరం?

అలవాటు మొదలయ్యేది ల్యాబులో. ఇంజినీరింగ్ కాలేజీలో గానీ, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో గానీ మొదటి వెబ్ ప్రాజెక్టుకు ఎక్కువమంది వేసుకునేది జాంప్ (XAMPP) అనే సర్వర్ ప్యాకేజీ. అందులో డేటాబేస్ యూజర్ ‘రూట్’, పాస్‌వర్డు ఖాళీ. నేర్చుకునేటప్పుడు తప్పులేదు. ఆ కనెక్షన్ ఫైలే కాపీ అవుతూ అవుతూ నిజమైన సర్వర్ పాస్‌వర్డును మోస్తూ, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటుకు చేరితేనే ముప్పు. తర్వాత ఆ వరుస తొలగించినా పాత ప్రతుల్లో అది అలాగే ఉంటుంది. టయోటా అనుభవం చూడండి. ఒక సబ్‌కాంట్రాక్టరు 2017 డిసెంబరులో ఆ కంపెనీ కార్ల యజమానులకిచ్చే టీ-కనెక్ట్ సేవ సోర్స్‌కోడ్‌లో కొంత భాగాన్ని అందరికీ కనబడేలా పెట్టేశాడు. సర్వర్ తాళం అందులోనే ఉంది. గుర్తించింది 2022 సెప్టెంబరులో. దాదాపు 2.96 లక్షల మంది ఈమెయిళ్లు అన్నేళ్లూ ప్రమాదంలో ఉన్నట్టే.

చట్టం ఉందిగా అనొచ్చు. తగిన భద్రత లేక సమాచారం పొక్కితే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటోంది 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. ఆ సొమ్ము మాత్రం కేంద్ర సంచిత నిధికే. కంపెనీల నుంచి బాధితులకు పరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను తీసేసే నిబంధన కూడా అందులోనే ఉంది. అంటే ఆ నిబంధన అమల్లోకి వచ్చాక ఆళ్లగడ్డ రైతు వివరాలు పోతే జరిమానా పడొచ్చు గానీ, ఈ చట్టం కింద అతని చేతికి వచ్చేదేమీ ఉండదు.

కాబట్టి గట్టిగా పట్టుకోవాల్సింది టెండరు దశలోనే. సచివాలయం యాప్ అయినా, గుడి టికెట్ల సైటు అయినా, పాస్‌వర్డులు కోడ్‌కు బయట, వేరే భద్రమైన చోట ఉండాలని షరతు రాయాలి. కాంట్రాక్టరు మారిన రోజే వాటిని మార్చాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిటరు కోడ్ పాత ప్రతులతో సహా వెతికి నివేదిక ఇచ్చేదాకా చివరి బిల్లు ఆపాలి.